అరిగిన మోకాలు - ఆలోచించు యంత్రము

తెల్లవారుజామున మదనపల్లె టమోటా మార్కెట్టునకు పోయి చూచినవారికి ఒక విషయము బోధపడును. కాయలు ఏరువారు, పెట్టెలు సర్దువారు, మెత్తబడిన వానిని వేరుచేయువారు పెక్కుమంది గొంతుకూర్చుండియే పని చేయుచుందురు. పుంగనూరు పల్లెలలో చీకటితోనే లేచి ఆవు ప్రక్కన కూర్చుండి పాలు పిదుకు తల్లులును అంతే. కుప్పము చేలలో వేరుసెనగ కలుపు తీయువారును అంతే. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలములలో బ్రతుకుతెరువు చాలవరకు మోకాళ్ళమీదనే నిలిచియున్నది.

అట్టి మోకాలు ఏబదియైదు, అరువది యేండ్లు వచ్చుసరికి మొరాయించును. మొదట కొండ మెట్లు మానుకొందురు. తరువాత పెండ్లి పందిట్లో బంతిన కూర్చుండుట మానుకొందురు. కడపట మరుగుదొడ్డికి పోవుటకుగూడ ఇంకొకరి చేయి కావలసివచ్చును. అప్పుడు ఇంటిలో మాట పుట్టును. "గుజ్జు అరిగిపోయినదట, చిప్పలు మార్పించవలెనట" అని ఒకరందురు. బెంగుళూరు పోయివచ్చిన బంధువు మరియొక మాట చేర్చును: "ఇప్పుడంతా రోబోతో చేయుచున్నారు. కృత్రిమ మేధ అట. డాక్టరుకంటె అదియే మేలట."

ఈ చివరి మాట విన్న పెద్దవారి మనస్సులో మూడు ప్రశ్నలు మెదలును. కత్తి పట్టునది మనిషియా, యంత్రమా? యంత్రమునకు అదనముగా ఇచ్చు సొమ్మునకు అదనపు మేలు కలదా? ఆ యంత్రము లేని చోట చేయించుకొన్నచో మోసపోయినట్లా? పాడియావును అమ్మియో, పొలము కుదువపెట్టియో వైద్యము చేయించు కుటుంబములకు ఇవి వట్టి కుతూహలపు ప్రశ్నలు కావు. కనుక వీనికి మాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుటకు ప్రయత్నింతుము.

కీలులో ఏమి జరుగును?

తొడయెముక క్రింది కొనయు, కాలియెముక పై కొనయు కలియుచోటు మోకీలు. ముందువైపున తాళపుకప్పవలె కాపున్నది మోకాలి చిప్ప. ఎముకల కొనలమీద నున్నని తెల్లని పొర ఒకటి ఉండును. దానినే మృదులాస్థి అందురు. మన ఇండ్లలో గుజ్జు అనునది దానినే. ఈ పొరలో రక్తనాళములు లేవు, నరములు లేవు. నరములు లేవు గనుక అరుగుచున్నంతకాలము అది నొప్పి తెలుపదు. రక్తనాళములు లేవు గనుక అరిగినది మరల పూడదు. పొర పోయి ఎముకకు ఎముక తగిలినప్పుడే మనకు సంగతి తెలిసివచ్చును.

సమతలమున నడచునప్పుడే మోకీలుమీద శరీరపు బరువునకు రెండింతలకు పైగా భారము పడును. మెట్లు దిగునప్పుడు అది ఇంకను హెచ్చు. తుంటి నడుమనుండి చీలమండ నడుమకు ఒక దారము పట్టినట్లు ఊహించిన, సరియైన కాలిలో ఆ దారము మోకీలు మధ్యభాగము దగ్గరగా పోవును. మన దేశమున పెక్కుమందికి కాళ్ళు కొంచెము బయటికి వంగియుండును, దొడ్డికాళ్ళు అందుము. అట్టివారిలో ఆ దారము లోపలివైపునకు జరుగును. భారమంతయు లోపలి సగముమీదనే పడును. లోపలి గుజ్జు ముందుగా అరుగును; అరిగినకొలది కాలు ఇంకను వంగును; వంగినకొలది ఇంకను అరుగును. ఈ దారపు సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. యంత్రముల కథయంతయు దానిమీదనే నడచును.

"చిప్పల మార్పిడి" అనుట వాడుకయే గాని సరియైన మాట కాదు. శస్త్రవైద్యుడు మోకాలిని తీసివేసి వేరొకటి పెట్టడు. తొడయెముక కొనను, కాలియెముక తలను, అరిగినమేర సుమారు తొమ్మిది పది మిల్లీమీటర్ల మందమున కోసి, వానికి లోహపు తొడుగులు వేయును. చిప్ప వెనుకభాగమునకు అవసరమైనచో చిన్న బిళ్ళ అమర్చును. పెక్కుసార్లు ఆ చిప్పను అట్లే ఉంచును. తొడవైపు తొడుగు సామాన్యముగా కోబాల్టు, క్రోమియము కలిసిన లోహము. కాలివైపున లోహపు పళ్ళెము, దానిమీద గట్టి పాలిథీన్ దిమ్మ. ఆ దిమ్మయే క్రొత్త గుజ్జు. పాతకాలపు బండిచక్రమునకు కమ్మరి ఇనుప పట్టా తొడుగుట చూచినవారికి ఇది సులభముగా తెలియును. చక్రము పాతదే; నేలకు తగులు అంచు క్రొత్తది. పట్టా కొలత చక్రమునకు సరిపోనిచో ఏమగునో రైతులకు చెప్పవలసిన పనిలేదు.

దంతమునుండి లోహమునకు

ఈ ఆలోచన నేటిది కాదు. 1890లో బెర్లినులో థెమిస్టోక్లిస్ గ్లక్ అను శస్త్రవైద్యుడు ఏనుగు దంతముతో చేసిన మడతబందువంటి మోకీలును రోగికి అమర్చెను. ఆయన చేపట్టినవి ఎక్కువగా క్షయవ్యాధి సోకి చెడిన కీళ్ళు. కొంతకాలము బాగుగనే ఉన్నను, లోపల దాగిన సూక్ష్మజీవులు ఆ పనిని నిలువనీయలేదు. క్షయ అనగానే మన ప్రాంతమువారికి మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము స్ఫురించును. 1915లో అచట ప్రారంభమైన శానిటోరియమునకు దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు వచ్చిరి. క్షయకు మందులు లేని ఆ రోజులలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ముఖ్యమైన చికిత్స. నేటికిని ఒక్క మోకాలే నెలల తరబడి వాచి, జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో అది అరుగుదల అని తోసివేయక క్షయ పరీక్ష చేయించుట మంచిది.

గ్లక్ తరువాత డెబ్బది ఏండ్లకుగాని ఈ విద్యకు దారి దొరకలేదు. 1960 దశకపు ఆరంభమున ఇంగ్లండులో జాన్ చార్న్లీ తుంటికీలునకు లోహమును, పాలిథీనును జతచేసి, పండ్లవైద్యులు వాడు అక్రిలికు జాతి సిమెంటుతో ఎముకకు అతికి చూపెను. ఆయన ఆసుపత్రిలోనే పనిచేసిన ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో అదే సూత్రమును మోకాలికి అన్వయించెను. 1974 నాటికి న్యూయార్కులో జాన్ ఇన్‌సాల్, చిత్తరంజన్ రణావత్ మున్నగువారు రూపొందించిన నమూనా నేటి మోకీళ్ళన్నిటికిని ముత్తాతవంటిది. ఈ రణావత్ మన దేశమున పుట్టినవాడే. 2000 అక్టోబరులోను, 2001 జూన్‌లోను ప్రధానమంత్రి వాజపేయిగారి రెండు మోకాళ్ళకు బొంబాయిలో శస్త్రచికిత్స చేసినది ఆయనయే. "మోకాలు మార్చవచ్చునట" అను మాట మన పల్లెలకు చేరుటకు ఆ వార్త ఎంతో తోడ్పడినది.

ఫలితముల మాట చెప్పవలెనన్న, 2019లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడిన సమీక్ష ప్రకారము, పూర్తిగా మార్చిన మోకీళ్ళలో నూటికి సుమారు 82 ఇరువదియైదు సంవత్సరములు నిలుచును. ఇవి చాలవరకు యంత్రసహాయము లేకుండ వైద్యుల చేతికొలతలతో అమర్చినవే అని గమనింపవలెను. అయినను మరియొక ప్రక్క చూచిన, శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో సుమారు అయిదుగురికి ఒకరు పూర్తి తృప్తి పొందరని పలుచోట్ల తేలినది. ఆ ఒక్కరి అసంతృప్తికి కారణము కొలత తప్పుటయేనా, దానిని యంత్రము తీర్చగలదా అను ప్రశ్ననుండియే క్రొత్త సాధనములు పుట్టినవి.

యంత్రపు కన్ను, యంత్రపు చేయి

పాత పద్ధతిలో వైద్యుడు తొడయెముక మధ్యగుండ ఒక కడ్డీని దించి, దానికి బిగించిన అచ్చుల ఆధారమున ఎక్కడ, ఏ కోణమున కోయవలెనో నిర్ణయించును. మనము చెప్పుకొన్న దారమును ఆయన కన్ను, అనుభవము ఊహించుకొనును. మంచి చేతిలో ఇది చక్కగా సాగును. అయినను మూడు డిగ్రీలకు మించి ప్రక్కకు పోవుట అప్పుడప్పుడు జరుగును.

1992లో అమెరికాలోని శాక్రమెంటో నగరమున రోబోడాక్ అను యంత్రమును తుంటి శస్త్రచికిత్సలో తొలిసారిగా మనిషిపై వాడిరి. 1997లో ఫ్రాన్సులోని గ్రెనోబిల్‌లో కంప్యూటరు దారిచూపగా మోకీలు అమర్చిరి. కంప్యూటరు దారి చూపును, చేయి మాత్రము వైద్యునిదే. 2015లో మాకో అను రోబో బాహువునకు పూర్తి మోకీలు మార్పిడికై అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. తరువాత రోజా, వెలిస్ వంటివి వచ్చినవి. నేడు బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరములలోని పలు ఆసుపత్రులలో ఇట్టి యంత్రములు ఉన్నవి.

ఈ పనిలో కృత్రిమ మేధ చేయునది మూడు నాలుగు చోట్ల కనబడును. వానిని విడివిడిగా చూతము.

మొదటిది చిత్రమును చదువుట. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అను ఇంగ్లండు వైద్యులు ఎక్స్‌రేలోని మోకాలి అరుగుదలను సున్న మొదలు నాలుగువరకు తరగతులుగా విభజించిరి. నేటికిని అదియే కొలమానము. వేలకొలది ఎక్స్‌రేలను, వానికి వైద్యులు వేసిన తరగతులతో కలిపి కంప్యూటరునకు చూపినచో, అది క్రొత్త ఎక్స్‌రేకు తానై తరగతి వేయగలదు. బడిపిల్లవాడు లెక్కలు చేసి చేసి నేర్చుకొనునట్లే ఇదియు నేర్చుకొనును. అంతకు మించిన మహిమ లేదు. అయితే ఇచట ఒక మెలకువ. చిత్రములో నాలుగవ తరగతి అరుగుదల ఉండియు హాయిగా నడచువారు కలరు. రెండవ తరగతియే అయినను నిద్రపట్టనివారు కలరు. యంత్రము చిత్రమును చదువును గాని నొప్పిని చదువదు. ఎక్స్‌రే నిలుచుండి తీయించుకొన్నచో ఎముకల మధ్య సందు ఎంత మిగిలినదో సరిగా తెలియునని కూడ ఇచటనే చెప్పుట మేలు.

రెండవది ముందుగా పథకము వేయుట. కొన్ని పద్ధతులలో కాలికి సి.టి. స్కాను తీయుదురు. ఆ వందలాది చిత్రములలో ఎముక ఏది, కండ ఏది అని గీతలు గీచుట పూర్వము మనిషి గంటలకొలది కూర్చుండి చేయవలసిన పని. నేడు కంప్యూటరు దానిని త్వరగా ముగించి, రోగి మోకాలిని బొమ్మవలె తెరపై నిలుపును. ఏ కొలత తొడుగు సరిపడును, ఎంత మందము కోయవలెను అని సూచించును. వైద్యుడు దానిని చూచి అంగీకరించును, లేదా మార్చును.

మూడవది శస్త్రచికిత్స గదిలో. తొడయెముకకును, కాలియెముకకును సన్నని చీలలు బిగించి, వానిమీద గుర్తుబిళ్ళలు అమర్చుదురు. గదిలోని పరారుణ కెమెరా ఆ గుర్తులను నిరంతరము చూచుచుండును. వైద్యుడు ఒక ములుకుతో ఎముకపై కొన్ని చోట్ల తాకగా, తెరపైనున్న బొమ్మయు, బల్లపైనున్న కాలును ఒకటేనని కంప్యూటరు సరిపోల్చుకొనును. తరువాత వైద్యుడు కాలిని ముడిచి, చాచి, ఇరుప్రక్కల స్నాయువులు ఎంత బిగువో చూచును. ఆ బిగువును బట్టి పథకమును మరల సవరించును.

అప్పుడు వచ్చును యంత్రపు చేయి. మాకో వంటి దానిలో రంపము రోబో బాహువునకు బిగించియుండును. ఆ బాహువును పట్టుకొని నడుపునది వైద్యుడే. పథకములో గీచిన గట్టు దాటి రంపము పోజూచినచో బాహువు అడ్డగించును, రంపము ఆగును. చేనిగట్టు దాటకుండ ఎద్దు పగ్గము పట్టి ఆపినట్లే. ఎద్దు కదలినదే గాని దున్నవలసిన చేను ఏదో నిర్ణయించినది ఎద్దు కాదు, పగ్గమును కాదు. కత్తి పట్టునది మనిషియా, యంత్రమా అను మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము. నేడు వాడుకలోనున్న ఇట్టి యంత్రములలో వైద్యుడు గదిలో లేకుండ పని జరుగదు. చర్మము కోయుట, స్నాయువులను కాపాడుట, తొడుగు అతుకుట, గాయము కుట్టుట ఆయన చేతిపనియే.

నాలుగవది శస్త్రచికిత్స తరువాత. మోకాలికి కట్టు పట్టీలు, చేతిఫోనులు ఎన్ని అడుగులు వేసినది, కాలు ఎంత ముడిచినది లెక్కపెట్టి ఫిజియోథెరపిస్టునకు తెలుపగలవు. 2021లో అమెరికాలో మరియొక అడుగు వేసిరి. కాలియెముకలోనికి దిగు కాడలోనే చిన్న సాధనమును అమర్చిన మోకీలునకు అనుమతి ఇచ్చిరి. అది లోపలనుండియే అడుగులను, నడకవేగమును, కాలు ముడుచు మేరను లెక్కించి పంపును. తెలివిగల మోకీలు అని దీనికి పేరు. అయితే గాయములో చీము పట్టినదా, రక్తము గడ్డకట్టినదా అనునది అది చెప్పజాలదు.

కొలతకు నిలుచునా?

ఇక రెండవ ప్రశ్న. అదనపు సొమ్మునకు అదనపు మేలు కలదా?

యంత్రము అనుకొన్న కోణమునకు దగ్గరగా కోయును. దారము ప్రక్కకు పోవుట తగ్గును. ఈ విషయమున పరిశోధనలు చాలవరకు ఏకీభవించినవి. కొన్ని పరిశీలనలలో మొదటి వారములలో నొప్పి కొంత తక్కువగా ఉన్నట్లు తోచినది. కాని కొన్నియేండ్లు గడచిన తరువాత నడకలోను, నొప్పిలోను, మోకీలు మన్నికలోను స్పష్టమైన ఆధిక్యము ఇంకను నిరూపింపబడలేదు. కొరియాలో ఒక శస్త్రవైద్యుని బృందము రోగులను రెండు పాయలుగా చీట్లువేసినట్లు పంచి, ఒక పాయకు రోబోడాక్‌తోను, రెండవ పాయకు మామూలు పద్ధతిలోను మోకీళ్ళు అమర్చి పదేండ్లకు మించి గమనించినది. 2020లో ప్రకటించిన ఆ ఫలితములలో ఇరుపాయల మధ్య చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అది పాతతరము యంత్రము, నేటివి మెరుగైనవి. కాని నేటివానిని పదేండ్లు, ఇరువదియేండ్లు గమనించుటకు కాలము ఇంకను చాలలేదు.

యంత్రమునకు తన ఖర్చులును కలవు. శస్త్రచికిత్స వ్యవధి కొంత పెరుగవచ్చును, ముఖ్యముగా క్రొత్తగా నేర్చుకొను బృందమునకు. చీలలు బిగించిన రంధ్రములవద్ద ఎముక విరుగుట అరుదుగా జరుగును. స్కాను పద్ధతిలో కొంత కిరణముల తాకిడి ఉండును. ఇవి భయపడవలసినవి కావు గాని మరువదగినవియు కావు.

ఇట్టి విషయమున మన ప్రాంతమునకే చెందిన పాఠము ఒకటి మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆరోగ్యవరము వంటి శానిటోరియములలో నెలల తరబడి ఉండినగాని క్షయ నయము కాదని ఒకప్పుడు అందరు నమ్మిరి. 1956లో మద్రాసున నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు రోగులను రెండు పాయలుగా చేసి, ఒక పాయను శానిటోరియములోను, రెండవ పాయను తమ ఇండ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చిరి. ఇంటనున్నవారును దాదాపు సమానముగనే కోలుకొనిరని 1959లో ప్రకటించిరి. ప్రపంచమంతట క్షయ చికిత్స దారి మారినది. శానిటోరియము చెడ్డదని దీని అర్థము కాదు. అది చేసిన సేవ గొప్పది. పేరునుబట్టి గాక కొలిచి చూచి నిర్ణయింపవలెనని మాత్రమే అర్థము. యంత్రమునకును ఇదే ధర్మము వర్తించును.

ఇంకొక సంగతి. నేర్చుకొను యంత్రము తాను చూచినదానినే నేర్చుకొనును. పడమటి దేశములవారి ఎముకలు మనవానికంటె సామాన్యముగా పెద్దవి. మన స్త్రీలలో పెక్కుమందికి చిన్న కొలతలు కావలెను. మన కాళ్ళ వంపు వేరు. మనము నేలపై కూర్చుండు అలవాటు వేరు. మన పల్లెలవంటి చోట్ల తీసిన చిత్రములు తగినంతగా చూడని యంత్రము మన మోకాలివద్ద తడబడవచ్చును. కనుక పుంగనూరు పాలమ్మ మోకాలు, కుప్పము కూలివాని మోకాలు ఆ పాఠములలో చేరవలెను. అట్లు చేర్చునప్పుడు వారి అనుమతియు, వారి వివరముల రహస్యమును కాపాడవలెను. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టపు ఆశయము అదియే.

మూడు ఊళ్ళ మాట

మదనపల్లె, పుంగనూరు, కుప్పము వాసులకు ఈ చికిత్సకై సామాన్యముగా తెలిసిన దారులు మూడు: బెంగుళూరు, వేలూరు, తిరుపతి. కుప్పమువారికి బెంగుళూరు రైలుమార్గమున దగ్గర. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి తరతరములుగా మనవారికి తెలిసినదే. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యమునకు పేరొందినది. కుప్పములోనే పి.ఇ.ఎస్. వైద్యకళాశాల ఆసుపత్రియు ఉన్నది.

ఖర్చు విషయమున ఒక మాట. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వపు ధరల నియంత్రణ సంస్థ మోకీలు తొడుగుల ధరకు హద్దు విధించినది. ఎక్కువగా వాడు కోబాల్టు-క్రోమియము తొడుగు అప్పటివరకు సగటున 1,58,324 రూపాయలకు అమ్ముడగుచుండగా, పన్ను కాక 54,720 రూపాయలని నిర్ణయించినది. ఇది తొడుగు ధర మాత్రమే. గది, మందులు, వైద్యుని రుసుము, యంత్రపు రుసుము దీనిలో చేరవు. కనుక ఆసుపత్రివారు చెప్పు మొత్తములో తొడుగు ఎంత, యంత్రమునకై కలిపినది ఎంత అని విడివిడిగా వ్రాయించుకొనుట రోగి హక్కు. ప్రభుత్వ ఆరోగ్యసేవా పథకము తమకు వర్తించునో లేదో ప్రయాణమునకు ముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగి తెలిసికొనవలెను.

దూరపు నగరమున శస్త్రచికిత్స రెండు గంటల పని. కోలుకొనుట నెలల పని. ఆ నెలలు గడచునది మన ఇంటిలోనే. మా అభిప్రాయములో క్రొత్త సాంకేతిక విద్య మన మూడు ఊళ్ళకు ఎక్కువ మేలు చేయగలిగినది ఇచటనే. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా గ్రామ ఆరోగ్యకేంద్రమునుండియే దూరపు వైద్యునితో ముఖాముఖి మాటలాడవచ్చును. 2025 జూలైలో కుప్పము ప్రాంతీయ ఆసుపత్రిలో టాటా సంస్థ తోడ్పాటుతో డిజిటల్ నర్వ్ సెంటరు ప్రారంభమైనది. చుట్టుప్రక్కల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను ఆసుపత్రితో ముడివేసి, రోగి వివరములను ఒకచోట చేర్చుట దాని ఉద్దేశము. అది మోకాళ్ళకై పెట్టినది కాదు. అయినను, శస్త్రచికిత్స చేయించుకొని పల్లెకు తిరిగివచ్చిన పెద్దావిడ కాలు ముడుచుచున్నదా లేదా అని ఎవరో ఒకరు వారము వారము విచారించు ఏర్పాటు అట్టి కేంద్రముల ద్వారా సాధ్యమే. ముడుచుట మానివేసిన మోకాలు, ఎంత చక్కగా కోసినదైనను, బిగిసిపోవును.

అడుగవలసిన మాటలు

శస్త్రచికిత్సకు ముందు చేయదగినవి కొన్ని కలవు. శరీరపు బరువులో ఒక్క కిలో తగ్గించిన, ప్రతి అడుగునకు మోకాలిమీద పడు భారము సుమారు నాలుగు కిలోలు తగ్గునని 2005లో ఒక అమెరికా పరిశోధన తేల్చినది. చేతికర్రను నొప్పి ఉన్న కాలివైపున గాక రెండవ చేతిలో పట్టవలెను. చాలమంది తప్పుగా పట్టుదురు. కుర్చీలో కూర్చుండి కాలిని తిన్నగా చాచి కొంతసేపు నిలుపు వ్యాయామము తొడకండను బలపరచును. కుర్చీవంటి మరుగుదొడ్డి పెట్టించుట ఏ శస్త్రచికిత్సకంటెను చవుక. ఇన్నిటి తరువాతను రాత్రులు నిద్ర లేక, ఇంటిపని సాగక ఉన్నచో అప్పుడు శస్త్రచికిత్స మాట ఎత్తవలెను.

వైద్యుని ఎదుట కూర్చుండినప్పుడు సంకోచింపక అడుగవలసినవి ఇవి. నా మోకాలు మొత్తము మార్చవలెనా, అరిగిన సగము మార్చిన చాలునా? మీరు ఏడాదికి ఇట్టివి ఎన్ని చేయుదురు? యంత్రముతో చేసినచో నాకు, నా కాలివంపునకు, ప్రత్యేకముగా కలుగు మేలేమి? మధ్యలో యంత్రము ఆగినచో మామూలు పద్ధతిలో ముగింపగలరా? చీము పట్టకుండ మీ ఆసుపత్రిలో తీసికొను జాగ్రత్తలేమి? ఊరికి పోయిన తరువాత నేను ఎవరికి ఫోను చేయవలెను? ఈ ప్రశ్నలకు ఓపికతో సమాధానము చెప్పు వైద్యుడు, యంత్రము ఉన్నను లేకున్నను, నమ్మదగినవాడు. మూడవ ప్రశ్నకు మా సమాధానము దీనిలోనే కలదు. అనుభవముగల చేతిలో మామూలు పద్ధతిన చేయించుకొన్నవారు మోసపోయినవారు కారు.

ఇంటికి వచ్చిన తరువాత పిక్క వాచి నొప్పి పుట్టినను, జ్వరము తగిలినను, గాయమునుండి నీరు గాని చీము గాని కారినను, ఆయాసము వచ్చినను ఫోనులోని లెక్కలను చూచుచు కూర్చుండరాదు. వెంటనే వైద్యుని దగ్గరకు పోవలెను. క్రొత్త మోకాలితో నడచుట, మెట్లు ఎక్కుట, కుర్చీలో కూర్చుండుట సుఖముగా సాగును. గొంతుకూర్చుండుట మాత్రము చాలమందికి మానుకొనవలసియే వచ్చును. ఈ మాట ముందే తెలిసిన నిరాశ ఉండదు. పాలు పిదుకునప్పుడు ఎత్తైన పీట వేసికొనుట, కలుపు పని వయసువారికి అప్పగించుట, ఇవి ఇంటివారు కలిసి నిర్ణయించుకొనవలసినవి.

ఏనుగు దంతపు మడతబందునుండి పరారుణ కెమెరావరకు నూట ముప్పది ఏండ్లకు పైగా గడచినవి. ఇంత కాలమును మనుష్యులు శ్రమించినది ఒక చిన్న పనికై: ముడిచిన కాలు మరల చాచుటకు, చాచిన కాలు మరల ముడుచుటకు. యంత్రము ఆ పనిలో మంచి తోడు కావచ్చును. మీ ఇంటిలో రేడియో ముందు కూర్చుండి కాళ్ళు పట్టుకొనుచున్న పెద్దవారు ఉన్నచో, రోబో ఏ ఊరిలో ఉన్నదని విచారించుటకు ముందు, వారు ఈ వారము ఏ పని చేయలేకపోయిరో అడుగుడు. చికిత్సకు మొదటి కొలత అదియే.